అమ్మేసిన కార్లు

ఆదివారం పొద్దున్నే పళ్ళ డాక్టరమ్మ చేసే మొదటి పని కాఫీ కలుపుకోవడం, రెండో పని ఆ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళి ఈవేళ ఏ కారొచ్చిందో చూసుకోవడం. కళ్ళు పక్కలకి సరిగ్గా ఆనవు కాబట్టి మెడ అటూ ఇటూ తిప్పి వీధంతా వెతకాలి. ఆవిడ వెతకడం పూర్తవకుండానే కింద లాండ్రీ ఆయన షట్టరు ఎత్తుతూ కేకేస్తాడు.

"డాక్టరుగారూ, పసుపుదొచ్చిందండీ! సగం నా గుమ్మానికి అడ్డంగా ఆగింది."

"దానికి మొదట్నుంచీ పొగరే. ఉండండి, దిగొస్తున్నా. మీరు కాస్త వెనకనుంచి నెడితే నేను స్టీరింగు తిప్పుతాను."

"నెమ్మదిగా కాఫీ తాగి రండి. ఆదివారం నా కొట్టుకి వచ్చేదెవరు?"

అమ్మేసిన కార్లు అలా తిరిగిరావడం ఆ వీధికి అలవాటైపోయింది. డాక్టరమ్మకి ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది గానీ పక్కనుంచి వచ్చేది కనిపించదని తేల్చి, కంటి డాక్టరు ఇక కారు నడపొద్దన్నాడు. ఆవిడ మారుమాట్లాడకుండా ఇంటికొచ్చి తన ఆఖరి కారుని ఒక కుర్ర లాయరుకి అమ్మేసింది. ఆ వచ్చే ఆదివారమే, ఎప్పుడో తుక్కు కింద పోయిన మొదటి కారు వచ్చి వాకిట్లో నిలబడింది. అప్పట్నుంచీ వారానికొకటి. ఏ వేళకి వస్తాయో ఎవరూ చూడలేదు. వీధి దీపాలు వెలిగేసరికి ఉండవు. అమ్మిన రోజున ఎలా ఉందో అలాగే వస్తుంది ప్రతిదీ, అదే సొట్టతో, అదే దుమ్ముతో, ట్యాంకులో అంతే పెట్రోలుతో.

మొదట్లో ట్రాఫిక్ కానిస్టేబులు ఒకసారి చక్రానికి తాళం వేసిపోయాడు. సాయంత్రానికి కారు వెళ్ళిపోయింది, తాళం మాత్రం రోడ్డుమీద బిగించినది బిగించినట్టే పడుంది. మర్నాడు వచ్చి తాళంచెవితో తెరుచుకుని పట్టుకెళ్ళాడు. ఇంకోసారి కుర్ర లాయరు ఫోన్ చేశాడు.

"మేడం, ఆదివారాలు నా కారు షెడ్డులోనే ఉంటోంది గానీ ఇంజను మాత్రం వేడిగా ఉంటోందండీ. మీ దగ్గరికేమైనా వస్తోందా?"

"నెలకోసారి వస్తుంది బాబూ. కాసేపు కూర్చుని లేచిపోతాను."

"పర్లేదు, పర్లేదు. టైర్లు అరుగుతున్నాయేమోనని అడిగాను, అంతే."

పసుపుది రెండే సీట్ల కారు. డాక్టరమ్మ కొత్తగా క్లినిక్ తెరిచిన ఏడాది, ఎవరో వాడి వదిలేసినది కొనుక్కుంది. కాళ్ళ దగ్గర రేకు తుప్పుపట్టి చిల్లుపడితే కిందనుంచి రోడ్డు పరుగెత్తడం కనిపించేది. వాన పడితే చెప్పులు తడిసేవి. లోపల్నుంచి తలుపు తెరుచుకునేది కాదు, అద్దం దించి చెయ్యి బయటపెట్టి తీయాలి. అయినా అది కుక్కపిల్లలా ఎగిరేది. రోజంతా డ్రిల్లు పెడలుని సున్నితంగా నొక్కినొక్కి విసిగిన కాలు సాయంత్రం ఆ కారులో పడేసరికి పండగ చేసుకునేది. "పన్ను పీకేటప్పుడు అంత నిదానం, బండి ఎక్కితే ఈ ఉరుకులేంటమ్మా?" అని పేషెంట్లు అడిగేవాళ్ళు. "నిదానమంతా మీ నోళ్ళలోనే ఖర్చయిపోతోంది" అనేది.

ఆ నోళ్ళలో ఒకటి స్కూల్లో డ్రాయింగు చెప్పే మాస్టారిది. జ్ఞానదంతం పీకించుకుని, బుగ్గ మొద్దుబారి, బస్టాపు దగ్గర స్తంభంలా నిలబడి ఉన్నాడు. మనిషి కూడా స్తంభమంత పొడుగు. డాక్టరమ్మ జాలిపడి ఎక్కించుకుంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే ముడుచుకుని కూర్చున్నాడు. ఆవిడ ఎంత వేగంగా పోయినా నోరు తిరగదు కాబట్టి ఏమీ అనలేకపోయాడు. ఇంటిదగ్గర దిగి, తలుపు పట్టుకుని, చాలాసేపు ఏదో చెప్పాలని చూసి, చెయ్యూపి వెళ్ళిపోయాడు. "ఆరోజు నోరు తిరిగుంటే అప్పుడే పెళ్ళి మాట అడిగేసేవాణ్ణి. మత్తు దిగేదాకా ఆగాల్సొచ్చింది" అని తర్వాత బతికినన్నాళ్ళూ చెప్పుకునేవాడు.

పెళ్ళయ్యాక ఆ పొడుగుమనిషి తల పసుపు కారు కప్పుకి రోజూ కొట్టుకుంటుంటే, కప్పు లేని తెల్లకారు కొన్నారు. అందులో ఆయన తల ముందు అద్దం కన్నా పైకి ఉండేది. పురుగులు కంట్లో పడుతుంటే ఈత కొట్టేవాళ్ళ కళ్ళజోడు పెట్టుకుని, ఈల వేసుకుంటూ, రాజుగారిలా కూర్చునేవాడు. ఓసారి ఒళ్ళో పెట్టుకున్న పిల్లల పరీక్ష కాగితాలు గాలికి లేచిపోయాయి. ఇద్దరూ కారాపి, ఆ మధ్యాహ్నమంతా పొలాల్లో పడి ఏరుకొచ్చారు. దొరకని వాళ్ళందరికీ ఆయన పూర్తి మార్కులు వేసేశాడు. "దొరికినవాళ్ళు ఏం పాపం చేశారయ్యా?" అని ఈవిడ నవ్వితే, "బొమ్మ ఎగిరిందంటే అందులో ఏదో ప్రాణం ఉన్నట్టే కదా" అన్నాడు.

తెల్లది వచ్చిన ఆదివారం డాక్టరమ్మ కాఫీ కప్పు కిందికే తెచ్చుకుని అందులో కూర్చుని తాగుతుంది. పక్క సీటు తోలు ఆయన భుజం ఆనించినచోట కాస్త నునుపుదేరి ఉంటుంది. వీధిలోవాళ్ళు పలకరించి పోతుంటారు. లాండ్రీ ఆయన ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చిలకరిస్తూ తన పాత ఫిర్యాదు ఎత్తుకుంటాడు. "ఒకే ఇంట్లో తల్లీకూతుళ్ళు ఇద్దరూ డాక్టర్లే. ఒకరు పళ్ళకి, ఒకరు పశువులకి. నా దగ్గు సంగతి చూసేవాళ్ళు మాత్రం లేరు."

ఆఖరిది ముదురాకుపచ్చ కారు, పొడవాటి ముక్కుది. దాన్నే ఆవిడ అన్నిటికన్నా ఎక్కువ కాలం నడిపింది. పక్క సీట్లో ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగే. ఆదివారాల్లో అది వస్తే ఎక్కువసేపు కూర్చోదు. బానెట్టు మీద చెయ్యేసి, ఓసారి నిమిరి, పైకొచ్చేస్తుంది.

ఈ తెల్లదానికీ ఆకుపచ్చదానికీ మధ్య ఒక ఎర్రది ఉండేది. అదొక్కటీ ఎప్పుడూ రాలేదు. లాండ్రీ ఆయన ఒకటి రెండుసార్లు అడగబోయి, నాలుక చివరిదాకా వచ్చిన మాటని దగ్గుగా మార్చుకున్నాడు.

కూతురు పుట్టాక రెండు సీట్ల కారు కుదరదని, ఈసారి బుద్ధిగా నలుగురు కూర్చునే బండి కొనాలని మొగుడూ పెళ్ళాం బయల్దేరి, ఎర్రటి రెండు తలుపుల కారేసుకుని తిరిగొచ్చారు. దానికి వెనక సీటు ఉందంటే ఉంది. కూర్చోడానికి కాదు, చూపించుకోడానికి. పిల్ల అందులో అడ్డంగా కూర్చుని, కాళ్ళు బారజాపి, కిటికీకి ముక్కు ఆనించుకునేది. రెండు వీధులవతల ఉండగానే దాని చప్పుడు గుర్తుపట్టి "అమ్మొచ్చేసింది" అని గేటు దగ్గరికి పరుగెత్తేది. సెలవురోజుల్లో ముగ్గురూ ఊరు దాటి వెళ్ళేవాళ్ళు. మలుపు వచ్చినప్పుడల్లా మాస్టారు పాటలో చరణం మార్చినట్టు ఈల మార్చేవాడు. వెనకనుంచి పిల్ల "ఇంకా వేగంగా!" అని అరిచేది.

ఓ సాయంత్రం భోంచేస్తూ మాస్టారు గుండె మీద చెయ్యేసుకుని, "ఏదోలా ఉంది" అన్నాడు. చెయ్యి కడుక్కోనివ్వకుండానే డాక్టరమ్మ ఆయన్ని ఎర్రకారులో కూర్చోబెట్టింది. స్కూలు బూట్లతోనే ఉన్న పిల్లని వెనక పడేసింది. ఆ రోజు తోలినట్టు ఆవిడ ముందెప్పుడూ తోలలేదు, తర్వాతా తోలలేదు. సందుల్లో మనుషులు గోడలకి అతుక్కుపోయారు. సగం దారిలో రైలు గేటు పడింది. గూడ్సుబండి. ఎంతకీ అయిపోదు. అది దాటి గేటు లేచేసరికి ఆయన తల పక్కకి వాలిపోయి ఉంది. అయినా ఆవిడ అదే వేగంతో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

మూడోనాడో నాలుగోనాడో, ఇంటినిండా చుట్టాలుండగా, ఆయన అక్కగారు వంటింట్లో ఎవరితోనో అంది. "గుండె జబ్బు మనిషిని అంత స్పీడుగా కుదిపేస్తే గుండె ఆగక ఏం చేస్తుంది?" తలుపు చాటున పిల్ల నిలబడి ఉందని ఆవిడ చూడలేదు. కొన్నాళ్ళకి ఎర్రకారు అమ్ముడుపోయింది. కూతురు బస్సులో స్కూలుకెళ్ళింది, బస్సులో కాలేజీకెళ్ళింది, పశువుల డాక్టరై బస్సులో ఉద్యోగానికెళ్ళింది. తల్లి కొత్తగా కొన్న ఆకుపచ్చ కారులో ఏనాడూ ఎక్కలేదు. ఎక్కమని తల్లీ అడగలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి చీర ఒకరు కట్టుకుంటూ, సినిమాలకి కలిసి వెళుతూ, ఆ ఒక్క సంగతి చుట్టూ గదిలో పెద్ద బీరువా ఉంటే తప్పుకుని నడిచినట్టు నడిచారు.

కూతురికిప్పుడు నలభై దగ్గరపడుతోంది. ఊళ్ళో పెంపుడు జంతువుల ఆసుపత్రిలో కుక్కలకి టీకాలు వేస్తూ, పిల్లులకి గోళ్ళు కత్తిరిస్తూ ఉంది. చదువుకున్నదంతా ఆవులూ గేదెల మీద. కొండప్రాంతంలో ఒక పాలకేంద్రం వాళ్ళు రమ్మని పిలిచారు. పది పల్లెల పశువులు చూసుకోవాలి. జీపు ఇస్తారు, నడుపుకోవాలి. ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచీ కూతురు ఇంట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ తోముతోంది.

శనివారం మధ్యాహ్నం తల్లి అడిగింది. "వాళ్ళకేం చెప్పావు?"

"సోమవారం చెప్తానన్నాను."

"సోమవారం ఏం చెప్తావు?"

"రానని. నిన్నొక్కదాన్నే వదిలేసి ఎలా వెళ్తాను?"

"ఏమే, నా మీద పెట్టకు. నా కంచం నాకు కనిపిస్తుంది, నా మెట్లు నాకు కనిపిస్తాయి. ఇంకేం కావాలి? వెళ్ళాలని లేకపోతే లేదని చెప్పుకో. నా కళ్ళని సాక్ష్యానికి పిలవకు."

కూతురు తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. "అక్కడ బస్సుల్లేవమ్మా."

"తెలుసు."

బీరువా మళ్ళీ మధ్యలోకొచ్చి నిలబడింది.

మర్నాడు పొద్దున కింద షట్టరు లేచిన చప్పుడు వినిపించింది గానీ కేక వినిపించలేదు. కాసేపటికి లాండ్రీ ఆయన మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయట నిలబడి, భుజం మీది తువ్వాలుని మెలిపెడుతూ, ఆసుపత్రిలో మాట్లాడినంత నెమ్మదిగా అన్నాడు.

"డాక్టరుగారూ, ఎర్రదొచ్చిందండీ."

సోఫాలో పేపరు చదువుకుంటున్న కూతురు పేపరు దించలేదు. డాక్టరమ్మ కాఫీ కప్పు బల్లమీద పెట్టింది. కిటికీ దగ్గరికెళ్ళలేదు. చీర సర్దుకుని, "నేను కిందికెళ్తున్నా. నువ్వు రావాలని ఏం లేదు" అని మెట్లు దిగింది.

ఎర్రకారు గోడకి ఒద్దికగా, ఎవరికీ అడ్డం లేకుండా నిలబడి ఉంది. డాక్టరమ్మ తలుపు తెరిచి స్టీరింగు ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పక్క సీటు వీలైనంత వెనక్కి జరిపి ఉంది. ఆ కాళ్ళకి అంత చోటు కావాలి మరి. అమ్మేముందు దాన్ని ముందుకి జరపాలని ఎవరికీ తోచలేదు.

చాలాసేపటికి కూతురు వచ్చింది, చెప్పులు కూడా లేకుండా. కారు చుట్టూ ఓసారి తిరిగింది. బెదిరిన ఆవు దగ్గరికి వెళ్ళేటప్పుడు నడుస్తుందే, అలా పక్కనుంచి, దానికి కనపడేలా. తర్వాత అవతలి తలుపు తెరిచి, పక్క సీటు ముందుకి వంచి, వెనక సీట్లోకి దూరింది. నలభై ఏళ్ళ మనిషి అందులో పట్టడం తేలిక కాదు. ఒంటిని మూడు మడతలు పెట్టి, అలవాటు ప్రకారం అడ్డంగా కూర్చుని, కాళ్ళు పైకి పెట్టుకుంది. అవతలి వైపు గుడ్డ మీద చిన్న బూటు ముద్ర ఉంది, దుమ్ముతో వేసిన అచ్చులా.

"అమ్మా."

"ఊఁ."

"అత్తయ్య అన్న మాట నేను విన్నాను. వంటింట్లో."

"నేనూ విన్నాను. వెనక వరండాలో ఉన్నాను అప్పుడు."

"మరి ఏమీ అనలేదే?"

డాక్టరమ్మ ముందు అద్దంలోంచి వీధిని చూస్తోంది. "ఏమనను? వదినకి తమ్ముడు పోయాడు. ఎవరో ఒకర్ని అనాలి కదా, ఆవిడకి ఊపిరాడాలంటే. నన్నే అననీ అనుకున్నాను. నువ్వు వింటున్నావని తెలిస్తే ఊరుకునేదాన్ని కాదు."

స్టీరింగు మీది దుమ్ము వేలితో తుడుస్తూ తల్లే మళ్ళీ అంది. "నిన్నొకటి అడగాలి. ఎన్నేళ్ళనుంచో. చిన్నపిల్లవని అప్పుడడగలేదు. పెద్దయ్యాక అడగడానికి మొహం చెల్లలేదు."

"ఏంటి?"

"ఆ రోజు రైలు గేటు దగ్గర మీ నాన్న వెనక్కి తిరిగి నీతో ఏదో అన్నారు. పెదాలు కదలడం చూశాను. గూడ్సు చప్పుడులో నాకు వినబడలేదు. ఏమన్నారే?"

"నాకు గుర్తు లేదమ్మా. నాన్న నాతో మాట్లాడారనే గుర్తు లేదు."

"సరేలే."

పక్కింటి వాకిట్లో ఎవరో నీళ్ళు చల్లిన చప్పుడైంది. కూతురి మడమ జారి ఆ బూటు ముద్ర పక్కన తగిలింది. గరుకు గుడ్డ అరికాలికి గుచ్చుకుంది. ఎదురుగా, సీటు వీపు మీదుగా, ఒక పెద్ద చెవి, దాని వెనక పెన్సిలు. పక్కనే రైలు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, ధడ్ ధడ్ మంటూ. ఆ చెవి పక్కకి తిరిగింది. ముఖం చెమటపట్టి, పాలిపోయి ఉంది. కనుబొమ్మలు మాత్రం ఎప్పట్లాగే పైకి లేచాయి, ఎవరికీ తెలియకుండా ఏదో కుట్ర చెప్పబోతున్నట్టు.

"అమ్మా!" అంది కూతురు. గొంతు చిన్నపిల్లదైపోయింది. "బూట్లు. బూట్ల గురించి అన్నారు. 'కాళ్ళు కిందపెట్టవే, సీటు మాసిపోతుంది. ఇంటికెళ్ళాక మీ అమ్మ నన్ను తిడుతుంది' అన్నారు."

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. "అంతేనా?"

"అంతే. నవ్వారు కూడా."

"ఇంటికెళ్ళాక అన్నారా?"

"అవునమ్మా. ఇంటికెళ్ళాక అనే అన్నారు."

డాక్టరమ్మ ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే అది ఏడుపైపోయింది, ఏడుస్తూ ఉండగా మళ్ళీ నవ్వొచ్చింది. "ఆ సీటు మాపినందుకు నిజంగానే తిట్టేదాన్నే" అంది ముక్కు తుడుచుకుంటూ. వెనకనుంచి కూతురు తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, చెంప ఆవిడ తలకి ఆనించి, "నాన్నకి భయం వెయ్యలేదమ్మా. నువ్వు అంత స్పీడుగా పోతుంటే ఆయనకసలు భయమే వెయ్యలేదు" అని మళ్ళీమళ్ళీ చెప్పింది. లాండ్రీ ఆయన కొట్టులోంచి చూసి, షట్టరు సగం దించేసి, లోపలికెళ్ళి కూర్చున్నాడు.

ఎండ కారు మీదికొచ్చాక కూతురు అంది. "అమ్మా, అటు జరుగు."

"దేనికి?"

"నేను కూర్చుంటా అక్కడ."

ఆ రోజు ఎర్రకారు వీధి చివరిదాకా వెళ్ళడానికి మధ్యాహ్నమైంది. పది గజాలకోసారి కుప్పిగంతు వేసి ఆగిపోయేది. డాక్టరమ్మ పక్క సీట్లో కూర్చుని, "క్లచ్చి మీదనుంచి కాలు అంత గభాల్న తీస్తారా ఎవరైనా? పసిపిల్లాడి నోట్లోంచి వేలు తీసుకున్నట్టు తియ్యి" అని గదమాయించేది. "నేను పశువుల డాక్టర్నమ్మా." "అయితే దూడ నోట్లోంచి తియ్యి." కుడివైపు ఏమొస్తోందో ఎడమవైపు ఏమొస్తోందో తల్లికి కనిపించదు, ఎదురుగా చూడాలంటే కూతురికి భయం. ఇద్దరూ పనులు పంచుకున్నారు. సాయంత్రం దీపాలు వెలిగేలోపు కారుని ఇంటిముందుకి తెచ్చి, దిగి, అటు తిరిగారు. మళ్ళీ చూసేసరికి లేదు.

తర్వాత ప్రతి ఆదివారం ఏది వస్తే దాని మీదే పాఠం. పసుపుది గేరు మార్చినప్పుడల్లా గొణిగేది. కాళ్ళ కింద పరుగెత్తే రోడ్డు చూస్తే మొదట్లో కూతురికి తల తిరిగేది, తర్వాత సరదా వేసింది. తెల్లదాంట్లో జుట్టుకి గుడ్డ కట్టుకుని ఊరవతలి రోడ్డు మీదికి వెళ్ళారు. లాయరుగారి ఆకుపచ్చదాన్ని మాత్రం, పరాయి సొత్తు కాబట్టి, వీధి దాటించలేదు. ఎర్రది వచ్చినరోజు ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కూతురు దాన్నే అన్నిటికన్నా బాగా తోలేది. లైసెన్సు పరీక్ష రోజున ఆఫీసులో ఆయన "ఏ బండి మీద నేర్చుకున్నారు?" అని అడిగాడు. "మా అమ్మ పాతకార్ల మీదండీ." "ఆ ఎర్రది మీదేనా? మా చెల్లెలు మీ పక్కవీధే. మలుపులో ఇండికేటరు వెయ్యడం మర్చిపోతున్నారట. చూసుకోండి" అని సంతకం పెట్టేశాడు.

పాలకేంద్రం వాళ్ళు కొన్నాళ్ళు ఆగడానికి ఒప్పుకున్నారు. చలి మొదలయ్యేసరికి కూతురు కొండమీదికి మారిపోయింది. మొదటి నెలల్లో రోజూ ఫోన్ చేసేది. తల్లి "తిన్నావా" అని అడిగేది కాదు. "ఆ పాలకేంద్రం దగ్గరి మలుపు ఏ గేర్లో తీస్తున్నావు?" అని అడిగేది.

"రెండో గేర్లో."

"దిగేటప్పుడు?"

"దిగేటప్పుడూ రెండే."

"బాగుంది. మూడులో తియ్యాలనిపిస్తుంది. తియ్యకు."

ఓ ఆదివారం కిందనుంచి లాండ్రీ ఆయన కేకలో అనుమానం తొంగిచూసింది. "డాక్టరుగారూ! నీలంది ఒకటొచ్చిందండీ. మీ దగ్గర నీలంది ఎప్పుడుండేది? నాకు తెలీదే!"

డాక్టరమ్మ మెడ తిప్పి తిప్పి చూసింది. వీధిలో బురద కొట్టుకున్న చిన్న నీలంకారు ఒకటి ఆగి ఉంది. రెండు తలుపులది, తోక కాస్త పైకి లేచింది. పాతదే గానీ పొగరుగా ఉంది. అందులోంచి కూతురు దిగి, తల పైకెత్తి నవ్వుతోంది.

"నాది కాదయ్యా, మా అమ్మాయిది. ఇంకా అమ్మలేదు."

"అయితే సాయంత్రానికి మాయమవదన్నమాట."

"మాయమవదు గానీ వెళ్ళిపోతుంది. నన్ను తీసుకెళ్తోంది."

ఆ రోజు తల్లీకూతుళ్ళు కొండ ఎక్కారు. ఎదురుగా ఉన్నదంతా డాక్టరమ్మకి బాగానే కనిపించింది. రోడ్డు, దానిమీద మంచు, మంచులోంచి ఒక్కొక్కటే బయటికొచ్చే మలుపులు. ఒకచోట "ఇక్కడ మూడులో తియ్యొచ్చు" అని ఆవిడే నోరు జారింది. కూతురు మూడులో తీసింది. ఇద్దరూ ఏమీ ఎరగనట్టు ఊరుకున్నారు.

క్వార్టర్సు ఇంకా రాకముందే ఫోన్ మోగింది. పై మెట్టమీది పాడిమనిషి. ఆవు ఈనలేక అవస్థపడుతోంది, దూడ అడ్డం తిరిగిందట.

"అమ్మా, నిన్ను దింపడానికి టైం లేదు."

"దింపమని ఎవరడిగారు? పోనియ్యి."

నీలంకారు మెట్టమీదికి దూసుకెళ్ళింది. డాక్టరమ్మ తలుపు పట్టుకోలేదు, నోరు తెరవలేదు. మెట్టమీద కొట్టంలో ఆవు పడుకుని ఆయాసపడుతోంది. కూతురు స్వెట్టరు విప్పి, చెయ్యి భుజందాకా సబ్బుతో రుద్దుకుని, నేలమీద బోర్లా పడుకుని పనిలో పడింది. పాడిమనిషి తోక పట్టుకున్నాడు. ఊరికే నిలబడటం చేతకాక డాక్టరమ్మ ఆవు తల దగ్గర చతికిలబడి, దాని దవడ నిమిరి, పాత అలవాటు కొద్దీ పెదవి ఎత్తి చూసి అదిరిపడింది.

"ఏమే, దీనికి ముందు పైపళ్ళు లేవేంటి?"

"ఆవులకుండవమ్మా," అంది కూతురు పళ్ళు బిగించి, చెయ్యంతా లోపల పెట్టుకుని.

"ఒక్కటీనా?"

"ఒక్కటీ ఉండదు. తల కదలకుండా పట్టుకో."

"ఇన్నాళ్ళూ డాక్టర్నై ఉండి ఈ సంగతి ఇప్పుడా తెలియడం" అని గొణుక్కుంటూ ఆవిడ ఆవు తలని ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. దాని ఊపిరి వేడిగా చీర మీద పడుతోంది. కాసేపటికి కూతురు ఒక్కసారి మూలిగి వెనక్కి లాగింది. ముందు రెండు గిట్టలు, తర్వాత తడితడిగా ముక్కు, తర్వాత ఒక్కసారిగా దూడంతా గడ్డి మీదికి జారిపడింది. కదల్లేదు. కూతురు దాని నోట్లోది తుడిచి, ముక్కులో గడ్డిపోచ పెట్టి గిలిగింతలు పెట్టింది. దూడ తుమ్మింది.

ఇంటావిడ వేడినీళ్ళ చెంబు తెచ్చి డాక్టరమ్మ పక్కన నిలబడింది. దూడ లేవబోయి పడుతూ, పడి లేస్తూ ఉంటే చూస్తూ అంది.

"మీరు డాక్టరుగారి అమ్మగారా? ఇదివరకటి డాక్టర్లు కబురు పంపితే సాయంత్రానికి వచ్చేవాళ్ళండీ, అప్పటికి అయిపోయేది. మీ అమ్మాయి వచ్చాక ఆలస్యమై పోయిన పశువు ఈ కొండ మీద ఒక్కటి లేదు. ఆ తోలడం చూశారా?"

"చూశాను" అంది డాక్టరమ్మ. ఆవిడ చేతిలోంచి చెంబు తీసుకుని, వెళ్ళి కూతురి చేతి మీద నీళ్ళు పోసింది, భుజం దగ్గర్నుంచి వేళ్ళదాకా.